నీళ్ళలో పెట్టిన పడవ

మొన్న మా వీధిలో పసుపు టోపీలు పెట్టుకున్న మనుషులు టేపులు పట్టుకుని కొలతలు తీసుకుంటుంటే ఏమిటని అడిగాను. ఇళ్ళకు గ్యాసు పైపు వేస్తారట. ఎక్కడి గ్యాసు నాయనా అంటే, బయటి దేశాల్లో దాన్ని బాగా చల్లబరిచి, నీళ్ళలా చేసి, ఓడల్లో నింపి తెస్తారనీ, రేవులో దించి మళ్ళీ గాలిగా మార్చి గొట్టాల్లోకి వదులుతారనీ ఒకతను ఓపిగ్గా చెప్పాడు.

"ఓడలు ఎక్కువొస్తే రేటు తగ్గుద్దమ్మా" అన్నాడు.

"ఓడలు ఎక్కువొస్తే ఈడ ఎవరి సరుకు ఆగిపోద్ది?" అని అడిగాను.

అతనికి అర్థం కాలేదు. ముసలిదాన్ని, అడ్డదిడ్డంగా మాట్లాడుతున్నాననుకుని ఉంటాడు. నవ్వి, టేపు చుట్టుకుని, పక్కింటి గోడ దగ్గరికి పోయాడు.

నేను అడిగింది అడ్డదిడ్డం ప్రశ్నేమీ కాదు. ఒకప్పుడు ఓడలొచ్చి ఆగిపోయిన సరుకు మాది. కట్టెలు. కట్టెలతోపాటు ఒక పడవ కూడా ఆగిపోయింది. ఆ పడవ పోవడంలో ఓడల తప్పు ఎంతో, నా తప్పు ఎంతో ఇన్నేళ్ళుగా తేల్చుకోలేకపోయాను. ఇప్పుడు రాస్తే కోప్పడడానికి ఎవరూ మిగల్లేదు కాబట్టి రాస్తున్నాను.

నెల్లూరు దగ్గరి మైపాడుకు కొంచెం దక్షిణంగా, సముద్రానికీ ఉప్పుకాలువకూ మధ్య ఇసుకదిబ్బ మీద మా అత్తగారి ఇల్లు. ఉప్పుకాలువ అంటే సముద్రం పక్కపక్కనే మద్రాసు దాకా పోయే బకింగ్‌హాం కాలువ. కాలువకు పడమర వరిపొలాలు, రైతుల ఇళ్ళు. తూర్పున ఇసుక, సరుగుడు తోటలు, మేమూ. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది యాభై ఏడు మొదట్లో. నాకు పదిహేడేళ్ళు. మా ఆయన మా మేనత్త కొడుకు. అత్త కొత్త కాదు, బావ కొత్త కాదు. కొత్తదల్లా పడవే.

మామ చేయించిన పడవ. నేను వచ్చేసరికి మామ లేడు. టేకు చెక్క, చేపనూనె పట్టించి పట్టించి నల్లబడిపోయింది. ముందుభాగంలో చిన్న సిలువ చెక్కి ఉండేది. మేము క్రైస్తవులం. పడవ కదిలే ముందు అత్త గట్టున నిలబడి ప్రార్థన చేసేది. ఆమె ప్రార్థన ఎంత పొడుగంటే, ఈలోపు గాలి మారిపోతుందని మా ఆయన కళ్ళు మూసుకునే ఉండి తెరచాప వైపు మొహం తిప్పేవాడు.

ఆయనతో ఇద్దరు కూలిమనుషులు పోయేవాళ్ళు. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్ళు. లేకపోతే ఒకరు పడవలో గెడ వేస్తుంటే మిగతా ఇద్దరూ గట్టున తాడు భుజాన వేసుకుని లాగుతూ నడిచేవాళ్ళు. మద్రాసుకు వారం, ఒక్కోసారి పది రోజులు. దారిలో లాకులు దాటేటప్పుడు లాకు దగ్గర మనిషికి ఒక కట్టెలమోపు దించి పోవడం మామూలు. పోయేటప్పుడు సరుగుడు కట్టె, వచ్చేటప్పుడు కిరసనాయిలు డబ్బాలు. ఒక్క పడవలోనే రెండూ పోయేవి, వచ్చేవి. మా అత్త కిరసనాయిల్ని గ్యాసునూనె అనేది. దీపాలకు తప్ప దాన్ని ఇంకెందుకూ వాడరని ఆ ఇంట్లో అందరి నమ్మకం. దీపానికి ఎంత కావాలి? కడుపుకు కావలసింది పొయ్యి, పొయ్యికి కావలసింది కట్టె, ఆ కట్టె మాది. మేము నిశ్చింతగా ఉండేవాళ్ళం.

మద్రాసులో కట్టెల షావుకారు ఒకాయన ఉండేవాడు. తెలుగాయనే. నేను ఆయన్ని ఒక్కసారి కూడా చూడలేదు కానీ ఆయన చేతిరాత చీకట్లో కూడా గుర్తుపట్టగలను. పదిహేను రోజులకో కార్డు రాసేవాడు. కట్టె ధర ఎలా ఉంది, పడవ ఎప్పుడు తేవాలి, ఎంత తేవాలి. నేను రాకముందు ఆ కార్డులు చర్చి అయ్యగారి దగ్గరికి తీసుకుపోయి చదివించుకునేవాళ్ళట. నేను నెల్లూరు మిషన్ స్కూల్లో ఎనిమిది దాకా చదివాను. ఆ ఇంట్లో అక్షరం వచ్చింది నాకొక్కదానికే. మొదటి కార్డు చదివినప్పుడు మా ఆయన నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, బైబిలు వింటున్నట్టు విన్నాడు. చదివిన కార్డును వసారాలో వేలాడే ఇనుపకమ్మికి గుచ్చాడు. ఆయనకు ఒక్క అక్షరం రాదు కానీ ఏ కార్డు ఏ నెలదో, అందులో ఏముందో కమ్మి మీద వేలుపెట్టి చెప్పేవాడు. నేను చదివింది చదివినట్టు ఆయనకు గుర్తుండిపోయేది.

ఆ మొదటి ఏడు కట్టెకు మంచి ధర. ఎక్కడో ఏదో దేశంలో ఓడలు పోయే కాలువ మూసేశారనీ, కిరసనాయిలు ఓడలు చుట్టు తిరిగి రావలసి వచ్చి మద్రాసులో నూనెకు కరువొచ్చిందనీ, జనం కట్టెల మీద పడ్డారనీ షావుకారు రాశాడు. "ఎంత తెచ్చినా దించుకుంటాను" అని చివర్న రాశాడు. ఆ మాట మా ఆయన నాచేత మూడుసార్లు చదివించుకున్నాడు. ఎక్కడో కాలువ మూస్తే ఇక్కడ మా కాలువలో పడవలు ఒకదాని వెనక ఒకటి బారులు తీరడం నాకు వింతగా ఉండేది. తోటల్లో గొడ్డలి చప్పుడు తెల్లారకముందే మొదలయ్యేది. కట్టెను తూకానికి అమ్ముతారు, ఎండితే బరువు తగ్గిపోతుంది. అందుకని కొట్టిన రెండు మూడు రోజుల్లోనే పడవకెక్కించాలి. గట్టు మీద పచ్చి సరుగుడు వాసన. నన్ను ఊళ్ళో అందరూ "పడవోళ్ళ కోడలు" అనేవాళ్ళు. పడమటి రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు కూడా నేను బావి దగ్గరికి పోతే "రామ్మే పడవోళ్ళమ్మాయా" అని జరిగి చోటిచ్చేవాళ్ళు. మా అమ్మ వరి నాట్లకు పోయి బతికిన మనిషి. అదే రైతుల పొలాల్లో నడుం వంచింది. నాకు ఆ పిలుపు ఎంత బాగుండేదో దాచుకోవడం ఎందుకు, చాలా బాగుండేది. నాకు కళ్ళు నెత్తికెక్కాయి.

ఓడలంటే ఏమిటో మాకు అప్పుడే తెలిసింది. ఓడ ఆలస్యమైతే కట్టె ధర లేస్తుంది. ఓడ వస్తే దిగుతుంది. మా అత్త దిబ్బ మీద కూర్చుని చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని సముద్రంలో ఎక్కడ పొగ కనపడినా, "అదిగో, గ్యాసునూనె ఓడ. మన కొంప ముంచను పోతా ఉండాది" అని తిట్టేది. ఆ ఓడ ఎటు పోయేదో, అందులో బొగ్గుందో బియ్యముందో ఎవరికి తెలుసు? కానీ ఆమె తిట్టిన పదిహేను రోజులకు ధర దిగిందని కార్డు వస్తే మాత్రం ఇంట్లో ఇక ఆమెను పట్టలేకపోయేవాళ్ళం.

నాలుగైదేళ్ళు అలా లేస్తూ పడుతూ గడిచింది. తర్వాత పడడమే తప్ప లేవడం లేకుండా పోయింది. మద్రాసులో మేడల మీద కాపురాలు ఎక్కువయ్యాయనీ, మేడ మీదికి కట్టెలు మోయించడం, గోడలకు మసి పట్టించడం ఎవరికీ ఇష్టం లేదనీ, అందరూ స్టవ్వులు కొంటున్నారనీ మా ఆయన వచ్చి చెప్పాడు. రేవులో నూనె ఓడ ఎప్పుడూ ఒకటి నిలబడే ఉంటుందట. అది చెప్పేటప్పుడు ఆయన చేతిలో అట్టపెట్టె ఒకటుంది. విప్పితే స్టవ్వు. ఇత్తడిది, మూడు కాళ్ళది. నాకోసం తెచ్చాడు.

"కట్టెలోళ్ళ ఇంట్లో గ్యాసునూనె పొయ్యా! నీకు మతుండే తెచ్చినావా?" అని అత్త మండిపడింది.

"కాపీ కాచుకుంటది లేమ్మా. ఊరికే జూసేదానికి తెచ్చినా" అన్నాడు ఆయన.

దాంట్లో కాపీ పెడితే క్షణంలో అయిపోయింది. పొగ లేదు, ఊదడం లేదు. నేను గిన్నె దించి, మంట ఆర్పి, ఇక కట్టెలెవరు కొంటారని అనుకున్నాను. పైకి మాత్రం "కాపీకి నూనె కంపు పట్టింది" అన్నాను. ఆయన తాగి, "అవును, కంపే" అన్నాడు. ఇద్దరికీ ఏ కంపూ రాలేదు.

తర్వాత తిరుగు ప్రయాణం సరుకు కూడా పోయింది. నెల్లూరుకు కిరసనాయిలు లారీల్లో వస్తోంది. మద్రాసులో ఉదయం ఎక్కిస్తే సాయంత్రానికి ఇక్కడ దించుతున్నారు. వారం రోజులు కాలువలో తడుస్తూ వచ్చే డబ్బా ఎవరికి కావాలి? పోయేటప్పుడు కట్టెకు ధర లేదు, వచ్చేటప్పుడు పడవ ఖాళీ. కాలువలో పడవలు పలచబడ్డాయి. పడవలు తిరగకపోతే పూడిక తీసేవాళ్ళు రారు. పూడిక పెరిగితే ఉన్న పడవలు కూడా తిరగలేవు. కూలిమనిషి ఒకతను మానేసి ఉప్పు పండించే కొటార్లలో పనికి చేరాడు. ఆ తర్వాత రెండో అతనూ పోయాడు. పాపం, ఎవర్నీ అనడానికి లేదు.

ఇప్పుడు పడవను నీళ్ళలో పెట్టడం గురించి చెప్పాలి. తిరగని పడవను గట్టు మీద ఉంచితే ఎండకు చెక్క ఎండి, అతుకులు విచ్చుకుంటాయి. అందుకని వానల్లో, సరుకు కదలని రెండు నెలలూ పడవను కాలువలోనే ముంచిపెడతారు. ఇసుక మూటలు వేసి, అడుగుకు దించి, నాలుగు మూలలా గుంజలకు కట్టేస్తారు. వానకాలంలో పైనుంచి మంచినీళ్ళు వచ్చి కాలువ ఉప్పు విరిగిపోతుంది కాబట్టి చెక్కకు ఏమీ కాదు. కానీ ఎండలు ముదిరి నీళ్ళు ఉప్పెక్కాయంటే ఆ నీళ్ళలో ఒక పురుగు ఉంటుంది, అది చెక్కలోకి దూరుతుంది. అందుకే కొత్త సంవత్సరం ప్రార్థన అయిన మర్నాడు పడవ తేల్చడం మా వాళ్ళ ఆచారం. ఊరంతా వచ్చి మూటలు తీసి, నీళ్ళు తోడి, గట్టుకు లాగి, నూనె పట్టించి మళ్ళీ వదిలేవాళ్ళు. ఆ రోజు మా ఇంట్లో పదిమందికి అన్నం.

పెళ్ళయిన ఏడో ఏడు వానలకు పడవను మామూలుగానే నీళ్ళలో పెట్టాడు. కొత్త సంవత్సరం వచ్చింది, ప్రార్థన అయింది. మర్నాడు ఆయన పడవ జోలికి పోలేదు. "తేల్చి ఏం జెయ్యాల? ఏసుకునేదానికి సరుకేది? షావుకారు కార్డు రానీ, అప్పుడు తేలుద్దాం. ఒక్క నెలకు ఏం గాదు" అన్నాడు.

పది రోజులకు కార్డు వచ్చింది.

నేను పెరట్లో చేపలు తోముతున్నాను. తపాలా ఆయన కార్డు నా చేతికే ఇచ్చాడు. తడి చేతులతో పట్టుకుని చదువుకున్నాను. షావుకారు ఇలా రాశాడు: కట్టెల అడితి మూసేస్తున్నాను. ఇకమీదట నా తరఫున కట్టె ఎక్కించవద్దు. ఈ ధర మళ్ళీ లేచేది కాదు, నూనె ఓడలు ఆగేవి కావు. మీ నాన్నగారి కాలంనుంచీ తెలిసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, పడవను ఎవరడిగినా అమ్మేయండి. చెక్క బాగున్నప్పుడే అమ్మండి. ఆలస్యం చేయవద్దు.

ఆయన వచ్చి గడపలో కూర్చున్నాడు. "షావుకారేనా? ఏం రాసినాడు?" అని అడిగాడు.

ఆయన మొహం చూశాను. తుడిచిన పలకలా ఉంది. నాకు జాలి వేసిందని రాస్తే బాగుంటుంది కానీ అది సగమే నిజం. పడవ అమ్మేస్తే ఆయన ఉప్పు కొటార్లకు పోతాడు. నేను మా అమ్మలాగే ఆ రైతుల పొలాల్లోకి దిగాలి. బావి దగ్గర జరిగి చోటిచ్చే ఆడవాళ్ళ ముందు బురదలో వంగాలి. నాకు ఆ పేరు పోవడం ఇష్టం లేదు. ఇంత ఆలోచన ఆ క్షణంలో చేశానా అంటే, చేయలేదు. నోరు దానంతటదే చదివింది.

"ఇప్పుడు కట్టె ఎక్కించొద్దంట. ధర బాలేదంట. మళ్ళీ కార్డు రాసేదాకా ఆగమన్నాడు" అన్నాను.

"అంతేనా?"

"అంతే."

ఆయన కార్డు తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంత రాసుండాదే" అన్నాడు.

"క్షేమ సమాచారాలు" అన్నాను.

ఆయన లేచి కార్డును కమ్మికి గుచ్చాడు. నేను పోయి మిగిలిన చేపలు తోమాను. చేతులు పని చేస్తూనే ఉన్నాయి. భయమేసిందా అంటే, ఏమీ అనిపించలేదు. ఆ రోజునుంచి చాలాకాలం నాకు ఏదీ పెద్దగా అనిపించలేదు. ఎవరో చెప్పిన పని చేస్తున్నట్టు లేచేదాన్ని, వండేదాన్ని, పడుకునేదాన్ని.

ఫిబ్రవరిలో గుల్లసున్నం కాల్చే ఒకాయన ముత్తుకూరు వైపునుంచి వచ్చాడు. గవ్వలు, గుల్లలు మోయడానికి ఆయనకు పడవ కావాలి. పెద్దమనిషి, తెల్ల పంచ, చేతిలో గొడుగు. గట్టున నిలబడి నీళ్ళలో నల్లగా కనపడుతున్న పడవను చూసి, "చెక్క మంచిదే మాదిరుండాది. ఇస్తావా అబ్బయా?" అని అడిగాడు. ఆయన చెప్పిన ధర తక్కువదేమీ కాదు. అందులో నాలుగో వంతు కూడా ఆ తర్వాత మేము ఎప్పుడూ ఒక్కసారిగా చూడలేదు.

మా ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "లేదయ్యా. మా షావుకారు ఆగమని కార్డు రాసినాడు. ఆయన మా నాయన కాలంనాటి మనిషి. ఊరికే ఆగమనడు. ధర లేస్తాదని తెలిసే రాసుంటాడు" అన్నాడు.

"గ్యాసునూనె వొచ్చినాక కట్టెకు ధర యాడ లేస్తాది నాయనా?"

"పోయినసారి ఓడలు ఆగలేదా? అట్నే మళ్ళా ఆగుతాయి."

నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. పిలిచి చెప్పడానికి నాలుగు అడుగుల దూరం. "బావా, ఒక్క మాట" అంటే చాలు. తలుపు చెక్కకు ఒక ముడి ఉండేది, చిన్న కన్నులాంటిది. వాళ్ళు మాట్లాడుకున్నంతసేపూ దాన్ని గోటితో గీకుతూ నిలబడ్డాను. పెద్దమనిషి మజ్జిగ తాగి, గొడుగు విప్పుకుని, గట్టువెంట పోయాడు. మళ్ళీ రాలేదు.

మార్చి అయింది. కార్డు రాలేదు. ఏప్రిల్ అయింది. కాలువలో నీళ్ళు మోకాలెత్తు తగ్గి, గట్టున ఉప్పు తెల్లగా పేరుకుంది. అత్త రోజూ అనేది, "ఒరేయ్, నీళ్ళు ఉప్పెక్కినాయి. పడవ తేల్చరా" అని. ఆయన "కార్డు రానీ" అనేవాడు. తపాలా ఆయన కనపడితే గట్టుదాకా ఎదురు పోయేవాడు. వట్టి చేతులతో తిరిగొచ్చేవాడు. రాని కార్డు కోసం ఆయన ఎదురుచూస్తుంటే నేను అన్నం వడ్డించేదాన్ని. ఒకరోజు నేనే, "తేల్చరాదా బావా, కార్డు వచ్చినా రాకున్నా" అన్నాను. "నువ్వే గదమ్మే చదివినావు, ఆగమన్నాడని" అన్నాడు. వెటకారం కాదు. మామూలుగానే అన్నాడు.

చివరికి మే నెలలో తేల్చారు. పిలిస్తే ఐదుగురే వచ్చారు. మూటలు తీసి, నీళ్ళు తోడి, గట్టుకు లాగారు. పడవ పైకి బాగానే ఉంది. నల్లగా, నున్నగా, సిలువ గుర్తుతో సహా ఎప్పటిలాగే ఉంది. అక్కడక్కడ గుండుసూది మొనంత కన్నాలు తప్ప ఏమీ లేవు. అత్త చేతులు జోడించి స్తోత్రం చెప్పబోయింది. మా ఆయన పక్కచెక్క మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. వేలు లోపలికి పోయింది. పక్కన ఇంకోచోట నొక్కాడు. అక్కడా పోయింది. లోపలంతా పురుగు తొలిచిన సొరంగాలు, తేనెపట్టు మాదిరి. ఆయన అలా నొక్కుతూ పడవ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. వచ్చిన ఐదుగురూ తలలు దించుకుని ఒక్కొక్కరే పోయారు. అన్నానికి ఎవరూ ఉండలేదు. నేను పదిమందికి వండాను. ఆ అన్నం మర్నాటికీ మిగిలింది.

ఎవరైనా ఏడ్చారా అంటే, అత్త ఏడ్చింది. నేను ఏడవలేదు. ఆయనా ఏడవలేదు.

ఆ చెక్కను ఎవరూ కొనలేదు. వంటచెరుకుగా అమ్ముదామంటే కట్టెకే ధర లేదు, పురుగు తిన్న చెక్కను ఎవరు అడుగుతారు? స్టవ్వు అటక మీద ఉంది, నూనె కొనడానికి డబ్బుల్లేవు. ఆయన ఉప్పు కొటార్లలో కూలికి చేరాడు. పొద్దున పోయే ముందు రోజూ గొడ్డలితో ఆ పూటకు సరిపడా పడవను కొట్టి పొయ్యి దగ్గర పెట్టి పోయేవాడు. ఉప్పు పీల్చిన చెక్క నీలంగా, ఒక్కోసారి పచ్చగా మండేది. అప్పటికి మాకు ఇద్దరు పిల్లలు, వాళ్ళు ఆ మంట చూసి ముచ్చటపడేవాళ్ళు. నేను ఆ మంట మీద అన్నం వండాను, పులుసు కాచాను, నీళ్ళు కాచాను. వానలు మొదలయ్యేదాకా ఆ పడవే మా పొయ్యిలో మండింది. ఆ ఏటి నాట్లకు నేను పొలంలోకి దిగాను. బావి దగ్గర ఆడవాళ్ళు అప్పటికీ చోటిస్తూనే ఉన్నారు, నేనే పోవడం మానేశాను.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆయన సిలువ చెక్కిన ముక్క తెచ్చాడు. పడవలో చివరికి మిగిలింది అదే. దాన్ని కొట్టలేదు, గోడకు ఆనించాడు. వసారాలో ఇనుపకమ్మి దించి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కొత్త కార్డు ఒకటి కొనుక్కొచ్చాడు, అణా కాసంత పెన్సిలు ముక్క కూడా.

"షావుకారుకు ఒక కార్డు రాయాలమ్మే. పడవ పోయిందని ఆయనకు తెలీదు గదా. ఆ చివరి కార్డు ఒకసారి చదువు. దానికి జవాబు రాయకపోతే బాగుండదు" అన్నాడు.

కమ్మి నుంచి కార్డు తీసి నా చేతికిచ్చాడు. మధ్యలో కమ్మి గుచ్చిన కన్నం. చేపల నీళ్ళ మరక ఒకటి అలాగే ఉంది. అదే మళ్ళీ చదవవచ్చు. ఎక్కించొద్దన్నాడు, ఆగమన్నాడు, క్షేమ సమాచారాలు. ఆయనకు నేను చదివింది చదివినట్టు గుర్తుంటుంది కాబట్టి అలాగే చదివితే అనుమానం కూడా రాదు. అత్త గోడ పక్కన నిద్రపోతోంది. పిల్లలు ఇసుకలో ఉన్నారు.

నేను ఉన్నది ఉన్నట్టు చదివాను. అడితి మూసేస్తున్నాను, అన్నాను. ఈ ధర మళ్ళీ లేచేది కాదు, అన్నాను. పడవను ఎవరడిగినా అమ్మేయండి, అన్నాను. చెక్క బాగున్నప్పుడే అమ్మండి. ఆలస్యం చేయవద్దు. స్కూల్లో పాఠం అప్పజెప్పినట్టు చదివాను. నాకు సిగ్గు వేసింది, అదొక్కటే అప్పుడు నాకు తెలిసిన సంగతి.

"ఇంకోసారి చదువు" అన్నాడు ఆయన. ఇంకోసారి చదివాను. విని, కార్డు తీసుకుని, కన్నం సరిగ్గా చూసుకుని మళ్ళీ కమ్మికి గుచ్చాడు. కొత్త కార్డు నా ముందు పెట్టాడు. పెన్సిలు మొన చాకుతో చెక్కి ఇచ్చాడు.

"రాయి" అన్నాడు.

"ఏమని రాయాల బావా?"

ఆయన గోడకు ఆనించిన సిలువ ముక్క వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పాడు. "అయ్యా, నమస్కారం. తమరు రాసిన కార్డు ఈ పొద్దే అందింది."

నేను రాశాను. రాసి, తర్వాతి మాట కోసం తలెత్తి చూశాను. ఆయన లేచి పొయ్యి దగ్గరికి పోయాడు.

"అంతే" అన్నాడు. "పోస్టులో ఎయ్యి."